సర్దే గదమ్మా, జరం గాదు

పోయిన ఆషాఢంలో ఒక సోమవారం పొద్దున, మా ఇంట్లో పనికొచ్చే అక్క దగ్గుకుంటూ వచ్చింది. కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుంది. అమ్మ తలుపు దగ్గరే ఆపి "జరమా?" అనడిగింది. "సర్దే గదమ్మా, జరం గాదు" అంటూనే అక్క గిన్నెల దగ్గరికి నడిచింది. నేను వెనకాలే వెళ్ళి నుదుటి మీద చెయ్యి పెట్టి చూశాను. కాలిపోతోంది.

"తగ్గేదాకా రాకు అక్కా, ఇంట్లో పడుకో" అన్నాను. అలా అనడం చాలా తేలిక. రెండేళ్ళు టీవీల్లో, ఫోన్ కాలర్ ట్యూన్లలో విని విని నోటికొచ్చేసిన మాట. అక్క గిన్నె తోమడం ఆపకుండానే అడిగింది: "రాకపోతే పైసలు కట్ చేస్తరా?"

నేను అమ్మ వైపు చూశాను. అమ్మ స్టవ్ వైపు చూసింది. అంతకు ముందు ఏడాది నాలుగు రోజులు రానందుకు మేం కట్ చేశాం. ఆ సంగతి ముగ్గురికీ గుర్తుంది.

నేను చరిత్ర చదువుకున్నదాన్ని. ఇంట్లో జవాబు చెప్పలేని ప్రశ్న ఎదురైతే పుస్తకాల్లోకి పారిపోవడం నాకలవాటు. ఈ వ్యాసం అలాంటి పారిపోవడమే. కాకపోతే ఎటు పారిపోయినా మళ్ళీ మా గల్లీకే వచ్చి చేరాను.

ముందు మాటల సంగతి. కోస్తాలో రొంప, పడిశం అంటారు. పుస్తకాల్లో జలుబు. మా దగ్గర సర్ది. "పడిశం పది రోగాల పెట్టు" అని సామెత ఉన్నా, సర్దిని రోగాల లెక్కలో ఎవరూ వెయ్యరు. సర్దయితే పనికి పోవాలి, జరమొస్తే పోకపోయినా ఎవరూ ఏమీ అనరు. అంటే ఈ రెండు మాటల మధ్య ఉన్నది వైద్యానికి సంబంధించిన తేడా కాదు, కూలికి సంబంధించిన తేడా. అక్క ఆ రోజు చెప్పింది తన ఒంటి సంగతి కాదు, తన జీతం సంగతి.

ఇక ఫ్లూ. ఇన్‌ఫ్లూయెంజా అనేది ఇటలీ వాళ్ళ మాట, ప్రభావం అని అర్థం. నక్షత్రాల ప్రభావం వల్ల జనమంతా ఒకేసారి జబ్బు పడతారని వాళ్ళు అనుకునేవారు. మన "గాలి సోకింది" కూడా అలాంటిదే. నవ్వుకోనక్కర్లేదు. మనిషిలో ఫ్లూ వైరస్‌ని పట్టుకున్నది 1933లో. అంతకు ముందు నలభై ఏళ్ళపాటు పెద్ద పెద్ద డాక్టర్లు ఒక బ్యాక్టీరియాని దోషి అనుకుని తిరిగారు.

ఫ్లూ చలికాలపు జబ్బు అనే నమ్మకం కూడా మనకి ఇంగ్లీషు సినిమాల నుంచి వచ్చిందే. మంచు కురుస్తుంటుంది, హీరోయిన్ కంబళి కప్పుకుని సూప్ తాగుతుంటుంది. శ్రీనగర్‌లో అది నిజమే. మనకి మాత్రం వానలతో పాటు పైకి లేస్తుంది, వానలు వెనక్కి పోయేదాకా ఉంటుంది, జనవరి నుంచి మార్చి లోపల మరోసారి తల ఎత్తుతుంది. అందుకే మన దగ్గర వ్యాక్సిన్ వానలకి ముందే వేసుకోవాలి. రక్షణ రావడానికి ఎలాగూ రెండు వారాలు పడుతుంది. అంటే సికింద్రాబాద్‌లో ఫ్లూ సీజన్, బోనాల సీజన్ ఇంచుమించు ఒక్కటే. ఇది గమనించాక నాకు అప్పయ్య గుర్తొచ్చాడు.

సురిటి అప్పయ్య కథ ఈ ఊళ్ళో అందరికీ తెలిసిందే, అయినా చెప్తాను. ఆయన సైన్యంలో డోలీ మోసేవాడు. 1813లో ఆయన ఉన్న దళాన్ని ఉజ్జయినికి పంపారు. అక్కడ గత్తర లేచింది. వేలమంది పోతున్నారు. అప్పయ్య, ఆయనతో ఉన్నవాళ్ళు మహంకాళి గుడికి పోయి మొక్కుకున్నారు: ఈ గత్తర తగ్గితే నిన్ను మా ఊరికి తీసుకుపోయి గుడి కట్టుకుంటాం అని. 1815లో తిరిగొచ్చి, కట్టెతో చేసిన విగ్రహాన్ని నిలబెట్టారు. 1864లో దాని చోట రాతి విగ్రహం వచ్చింది. ఇప్పుడు జనరల్ బజార్ దగ్గర ఉన్న ఉజ్జయిని మహంకాళి గుడి కథ ఇది.

ఐతిహ్యం కాబట్టి తేదీల దగ్గర కాస్త ఆగాలి. కలరా మహమ్మారి ప్రపంచయాత్ర మొదలైంది 1817లో, బెంగాల్‌లోని జెస్సూర్ దగ్గర అంటారు చరిత్రకారులు. అప్పయ్య గత్తర దానికి నాలుగేళ్ళ ముందుది. ఇందులో వైరుధ్యమేమీ లేదు. కలరా అంతకు ముందూ ఈ దేశంలో ఉంది, 1817లో దానికి కాళ్ళొచ్చాయి అంతే. ఆ కాళ్ళు చాలావరకు సైన్యానివి, వర్తకులవి, యాత్రికులవి.

నాకు పట్టుకున్నది వేరే సంగతి. డోలీ అంటే పెళ్ళికూతురు ఎక్కే పల్లకీ ఒక్కటే కాదు. సైన్యంలో డోలీ అంటే జబ్బుపడ్డవాళ్ళని, గాయపడ్డవాళ్ళని మోసేది. అంటే గత్తర లేచిన దండులో రోగికి అందరికంటే దగ్గరగా ఉన్న మనిషి డోలీ మోసేవాడు. ఈ ఊరి అతి పెద్ద పండగ ఏ నవాబు పేరుమీదో, ఏ కల్నల్ పేరుమీదో కాకుండా అలాంటి మనిషి మొక్కుతో మొదలైందని చెప్పుకోవడం నాకు చాలా ఇష్టం. మా పక్కనున్న బోయిగూడ పేరులో కూడా బోయీ ఉన్నాడు. రోజూ ఆ బోర్డు చూస్తూ ఆటోలో పోతాం, అంతే.

బోనాల గురించి ఈ మధ్య ఒక మాట బాగా తిరుగుతోంది. పసుపు, వేపాకు యాంటీసెప్టిక్ అనీ, మన పెద్దలు సైన్సంతా ముందే తెలుసుకుని పండగలో దాచిపెట్టారనీ. నేను దీన్ని నమ్మను. వేపమండ పట్టుకుంటే గాలిలో వచ్చే వైరస్ ఆగదు. అసలు ఆ మాట వల్ల పండగలోని అసలు విషయం కనబడకుండా పోతుంది. అప్పయ్య తన ఒక్కడి కోసం మొక్కలేదు. "నా ఇమ్యూనిటీ పెంచు తల్లీ" అనలేదు. దండు మొత్తానికి మొక్కాడు, ఫలం ఊరు మొత్తానికి తెచ్చాడు. బోనం కుండ ఒక్కో ఇంటిదే అయినా ఘటం గల్లీ గల్లీ తిరుగుతుంది. జబ్బు అందరికీ కలిపి వస్తుంది కాబట్టి దాన్ని అందరూ కలిసి సాగనంపాలి అనే లెక్క అది. వైద్యంగా దానికి విలువ లేకపోవచ్చు. ప్రజారోగ్యం అనే మాటలో మొదటి సగం మాత్రం అందులో ఉంది.

రెండో సగం కంటోన్మెంట్ వైపు నుంచి వచ్చింది. 1798 ఒప్పందం తర్వాత హుస్సేన్ సాగర్ ఉత్తరాన గుడారాలేసుకున్న ఇంగ్లీషు సైన్యం దగ్గర, 1806లో, మూడో నిజాం సికందర్ జా పేరుతో ఈ ఊరు పుట్టింది. దండు కోసం పుట్టిన ఊరు కాబట్టి మొదట్నుంచీ దీని బెంగ ఒకటే, సిపాయి జబ్బు పడకుండా చూడటం. పడుతూనే ఉన్నాడు. 1863లో వచ్చిన రాయల్ కమిషన్ రిపోర్టు లెక్క ప్రకారం ఇండియాలో ఉన్న బ్రిటిష్ సైనికుల్లో ఏటా వెయ్యికి 69 మంది చనిపోయేవారు. చాలామంది యుద్ధంలో కాదు, జ్వరాలు, విరేచనాలు, కలరాతో. ఆ రిపోర్టు వెనకున్న మనిషి ఫ్లారెన్స్ నైటింగేల్. ఆమె జన్మలో ఇండియా గడప తొక్కలేదు. లండన్‌లో మంచం మీద నుంచే ఇక్కడి దండులకు ప్రశ్నల కాగితాలు పంపించి, వచ్చిన జవాబుల గుట్టల్లోంచి సంగతి తేల్చింది: వీళ్ళని చంపుతున్నది ఎండ కాదు, ఇరుకు బ్యారక్కులు, మురికి నీళ్ళు, కదలని గాలి. అప్పటికి ఆమెకి సూక్ష్మజీవుల మీద నమ్మకం లేదు. కారణం తప్పు, కిటికీలు తెరవమన్న సలహా మాత్రం ఒప్పు. ఫ్లూకైతే ఇప్పటికీ అంతకంటే చౌక మందు లేదు.

తిరుమలగిరి వైపు పోతే ఆ సలహా ఇప్పటికీ కళ్ళకి కనిపిస్తుంది. ఎత్తైన కప్పులు, వరండాలు, ఒక బంగళాకీ ఇంకో బంగళాకీ మధ్య మా బస్తీ మొత్తం పట్టేంత జాగా. ఆ ఖాళీ స్థలాలన్నీ చూస్తే నాకు అందం కంటే ముందు భయం కనిపిస్తుంది. పక్కవాడి ఊపిరి తగలకూడదనే భయం. ఆ దూరం కొందరికే దొరికింది. వాళ్ళ గుర్రాలు కడిగేవాళ్ళూ, నీళ్ళు మోసేవాళ్ళూ, వంటవాళ్ళూ రాత్రికి బజార్లలోని ఇరుకు గదులకే పోయేవారు, పొద్దున్నే మళ్ళీ వచ్చేవారు.

బేగంపేటలో రోనాల్డ్ రాస్ కథ ఇంకోటి. 1897 ఆగస్టు 20న దోమ పొట్టలో మలేరియా క్రిమిని చూశాడు, 1902లో నోబెల్ వచ్చింది. మలేరియా ఇక్కడ మన విషయం కాదు కాబట్టి త్వరగా దాటేస్తాను, ఒక్క మనిషి పేరు చెప్పి. హుసేన్ ఖాన్. జ్వరంతో ఉన్న రోగి. రాస్ దోమల్ని ఆయన మీద వదిలి కుట్టించాడు, దోమకొక అణా చొప్పున ఇచ్చాడు. పది దోమలు, పది అణాలు. జ్వరంతో పడుకున్న రోజుకి డబ్బులు ముట్టిన మనిషి ఈ ఊరి చరిత్రలో నాకు కనిపించింది ఈయనొక్కడే.

ఇక 1918. దీని దగ్గర కూర్చోవాలి.

ఆ ఏడాది జూన్‌లో బొంబాయి రేవులో దిగిన సైనికులతో పాటు ఇన్‌ఫ్లూయెంజా దిగింది. మొదటి అల తేలిగ్గానే పోయింది. సెప్టెంబరులో వచ్చిన రెండోది చంపింది. దేశం మొత్తం మీద 1.2 కోట్ల నుంచి 2 కోట్ల మంది పోయారని అంచనా. మొదటి ప్రపంచ యుద్ధం నాలుగేళ్ళలో చనిపోయిన భారతీయ సైనికులు 74 వేలమంది. పక్కపక్కన పెట్టి చూడండి. జనం దీన్ని బొంబాయి జ్వరం అన్నారు. సికింద్రాబాద్‌కి అప్పటికి రైలు వచ్చి నలభై ఏళ్ళు దాటింది. 1874 నుంచి వాడి జంక్షన్ మీదుగా బొంబాయి లైను మన స్టేషన్‌కి కలిసే ఉంది. టికెట్ కొన్న మనిషితో పాటు జ్వరం ఉచితంగా ప్రయాణం చేస్తుంది.

అదే సెప్టెంబరు 23న పాలస్తీనాలో హైఫా పట్టణం దగ్గర మైసూరు, జోధ్‌పూర్ లాన్సర్లు గుర్రాల మీద దాడి చేసి గెలిచారు. హైదరాబాద్ లాన్సర్లు కూడా అదే బ్రిగేడ్‌లోని వాళ్ళు. వాళ్ళ ముగ్గురి గుర్తుగా ఢిల్లీలో తీన్ మూర్తి విగ్రహాలు నిలబడ్డాయి. బాగుంది. ఆ లాన్సర్లు అక్కడ గుర్రాల మీద ఉన్న వారాల్లోనే ఇక్కడ దక్కన్‌లో ఇళ్ళకి ఇళ్ళు మంచం పట్టాయి. దానికి ఏ చౌరస్తాలోనూ విగ్రహం లేదు. జనాభా లెక్కల పుస్తకం ఒక్కటే ఉంది. 1911లో నిజాం రాజ్యం జనాభా సుమారు 1.34 కోట్లు. 1921కి 1.25 కోట్లు. పదేళ్ళలో పెరగాల్సింది పోయి తొమ్మిది లక్షలు తగ్గింది. హైదరాబాద్ నగరం అయితే 5 లక్షల నుంచి 4 లక్షల 4 వేలకి పడిపోయింది. ఇన్‌ఫ్లూయెంజా ఒక్కటే కాదు. ప్లేగు ఉంది, 1918లో వానలు మోసం చేసి కరువు ఉంది. ఆకలితో ఉన్న ఒంట్లోకి వచ్చిన జ్వరం వేరు, తిన్న ఒంట్లోకి వచ్చిన జ్వరం వేరు.

ఆ తేడా ఎంతో బొంబాయి నగరం లెక్కలు చెప్తాయి. అక్కడ మరణాల్ని కులం, మతం వారీగా రాసిపెట్టారు. వెయ్యికి యూరోపియన్లు 8.3. పార్సీలు 9. అగ్రకులాల హిందువులు 18.9. కింది కులాలని వాళ్ళు రాసుకున్న వరసలో 61.6. వైరస్ ఒకటే. యూరోపియన్‌కంటే ఏడు రెట్లు పైన. ఆ 61.6ని నేను నోట్‌బుక్‌లో రాసుకుని చాలాసేపు అలాగే చూస్తూ ఉండిపోయాను. ఎందుకంటే దానికి వివరణ అక్కడే మా వంటింట్లో గిన్నెలు తోముతోంది.

ఇంకో సంగతి కూడా ఆ లెక్కల్లోంచి బయటపడింది. మన దేశంలో ఆ జ్వరానికి మగవాళ్ళ కంటే ఆడవాళ్ళు ఎక్కువగా పోయారు. అది కూడా ఇరవై నుంచి నలభై ఏళ్ళ వాళ్ళు. అందరికంటే చివర తిని, అందరికీ సేవ చేసినవాళ్ళు వాళ్ళే కాబట్టి అంటారు పరిశోధకులు. మందు లేని ఆ రోజుల్లో రోగిని నిలబెట్టగలిగింది ఒక్కటే: ఎవరో ఒకరు పక్కన కూర్చుని నీళ్ళు తాగించడం, గంజి పట్టడం, ఒళ్ళు తుడవడం. ఆ ఎవరో ఒకరు పడిపోయాక వాళ్ళకి నీళ్ళిచ్చేవాళ్ళు లేరు. హిందీ కవి నిరాలా భార్యని, ఇంట్లో చాలామందిని ఆ కొద్ది రోజుల్లోనే పోగొట్టుకున్నాడు. తర్వాత 'కుల్లీ భాట్'లో ఆ రోజుల గురించి రాశాడు. అప్పటికి ఆయన వయసు ఇరవై రెండు. మీలో చాలామంది కంటే చిన్నవాడు.

ఆ జ్వరం పోయిన రెండేళ్ళకి, 1920లో, హైదరాబాద్‌లో హకీం మొహమ్మద్ మొయిజుద్దీన్ ఫారూఖీ ఒక మందు మొదలుపెట్టాడు. చిన్న సీసా, మీద ఆఫ్రికన్ సిపాయి బొమ్మ. జిందా తిలిస్మాత్. పేరుకి అర్థం ప్రాణమున్న మాయ. ముఖ్యంగా నీలగిరి తైలం, కర్పూరం, పిప్పరమెంటు లాంటివి. మా ఇంట్లో అది ఫ్రిజ్ మీద ఎప్పుడూ ఉంటుంది. చాయ్‌లో రెండు చుక్కలు, గుండెల మీద నాలుగు చుక్కలు. వైరస్‌ని చంపుతుందా? చంపదు. ముక్కు తెరుచుకున్నట్టు అనిపిస్తుంది, నిద్ర పడుతుంది. ఆ మాత్రం పనిచేసినందుకు నూరేళ్ళుగా నిలబడింది.

అమృతాంజన్ సంగతి సాహిత్యం చదివేవాళ్ళకి ఎలాగూ తెలిసుండాలి. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు 1893లో బొంబాయిలో మొదలుపెట్టిన ఆ పసుపుపచ్చ లేపనం డబ్బులతోనే 1908లో ఆంధ్రపత్రిక, 1924లో భారతి వచ్చాయి. తెలుగులో ఆధునిక వ్యాసం, కథ, విమర్శ ఎదిగిన పేజీలకి కాగితం కొన్నది జనం తలనొప్పులూ జలుబులూ. నేను ఈ వ్యాసం రాస్తున్నందుకు కూడా కొంత ఋణం అక్కడే ఉన్నట్టుంది.

మిరియాల చారు, శొంఠి కషాయం, పసుపు పాలు, వావిలాకు ఆవిరి, వీటి మీద నాకేం పేచీ లేదు. ఒంటికి హాయి. నాకు పేచీ ఉన్నది మూలమీద మెడికల్ షాపులో ముక్కు కారుతుంటే మూడు రోజుల యాంటీబయాటిక్ స్ట్రిప్పు కోసి ఇచ్చే పద్ధతితో. వైరస్‌కి అది పనిచెయ్యదు. అయినా అక్క ప్రతిసారీ అదే కొనుక్కుంటుంది. ఎందుకని అడిగితే "జల్ది తగ్గాల గదా" అంది. డాక్టర్ ఐదు రోజుల విశ్రాంతి రాస్తాడు, షాపువాడు మర్నాడు పనికి పోగలననే ఆశ అమ్ముతాడు. ఏది కొంటారు?

2009 మే నెలలో దేశంలో మొదటి స్వైన్ ఫ్లూ కేసు బయటపడింది మన దగ్గరే, అమెరికా నుంచి హైదరాబాద్‌లో దిగిన ప్రయాణికుడిలో. 1918లో రేవు, రైలు. ఇప్పుడు విమానం. 2020 మార్చి 2న తెలంగాణ మొదటి కోవిడ్ కేసుతో గాంధీ ఆసుపత్రి పేరు దేశమంతా వినిపించింది. 1851లో చిన్న వైద్యశాలగా మొదలై, కింగ్ ఎడ్వర్డ్ మెమోరియల్‌గా స్టేషన్ ఎదురుగా చాలాకాలం నడిచి, తర్వాత గాంధీ పేరు పెట్టుకుని, 2003లో పాత ముషీరాబాద్ జైలు ఉన్న చోటికి మారింది. మా డాబా మీద నుంచి కనిపిస్తుంది. ఆ ఏడాది రాత్రుళ్ళు అంబులెన్సుల చప్పుడు లెక్కపెట్టడం మానేయడానికి నాకు చాలా రోజులు పట్టింది. జులైలో మహంకాళి బోనాలు భక్తులు లేకుండానే జరిగాయి. రెండు వందల ఏళ్ళ కిందట అంటురోగం వల్ల పుట్టిన పండగ, అంటురోగం వల్లే ఇళ్ళ తలుపుల వెనక్కి పోయింది. అమ్మ వంటింట్లోనే బోనం వండి బాల్కనీలో పెట్టి దండం పెట్టుకుంది.

అక్క తమ్ముడు ఆ రోజుల్లో ఒక పెద్ద దవాఖానలో స్ట్రెచర్ తోసేవాడు, కాంట్రాక్టు మీద. ఈ సంగతి ఆమె ఎప్పుడో చెప్పింది. నేను అప్పయ్య గురించి చదువుతున్నప్పుడు గానీ అది నా బుర్రకెక్కలేదు.

మళ్ళీ ఆ సోమవారానికి వస్తాను. నేను మే నెలలోనే ఫ్లూ వ్యాక్సిన్ వేయించుకున్నాను. దానికైన ఖర్చు మా ఇంట్లో అక్కకిచ్చే జీతంలో సగం. ఆ మాట ఎవరికీ చెప్పలేదు. అమ్మే చివరికి స్టవ్ కట్టేసి, "కట్ చెయ్యం, నువ్వు పో, పండుకో" అంది. అక్క నమ్మినట్టు కనిపించలేదు గానీ వెళ్ళింది. ఐదు రోజులు రాలేదు. నేనూ అమ్మా చెరో పూట గిన్నెలు తోమాం. నడుం నొప్పికి అమృతాంజన్ రాసుకున్నాం.

ఆరో రోజు వచ్చింది. మొహం పీక్కుపోయింది, దగ్గు తగ్గింది. ఆమె ఈ గల్లీలో నాలుగిళ్ళు చేస్తుంది. మేం డబ్బు కట్ చెయ్యలేదు. రెండిళ్ళ వాళ్ళు కట్ చేశారు. నాలుగో ఇంటివాళ్ళు వేరే మనిషిని పెట్టుకున్నారు.

"మీరు చెప్పినట్టే ఇంట్లనే ఉన్నా గదా" అంది. కోపంగా అనలేదు. నేను ఏదో అనబోయాను. ఆమె అప్పటికే చీపురు అందుకుని, ఫ్రిజ్ మీదికి చూస్తూ అడిగింది: "ఆ సీసల ఇంకేమన్న ఉన్నదా? పిల్లగానికి గూడ సర్దయింది."